పట్టా ఒకరిది, నాగలి మరియొకరిది

జనగామ జిల్లాలోని చిల్పూరు గుట్టపై వేంకటేశ్వరస్వామి వెలసియున్నాడు. అక్కడివారు ఆయనను బుగులు వేంకటేశ్వరస్వామి యని పిలుతురు. తెలంగాణపు మాటలో బుగులనగా దిగులు, భయము. కుబేరుని వద్ద చేసిన అప్పు తీర్చలేక, ఏమి చేయుటకును తోచక, స్వామి బుగులుతో ఈ గుట్టమీది గుహకు వచ్చి తపస్సు చేసెనని స్థలపురాణము చెప్పుదురు. దేవునికే అప్పుబాధను అంటగట్టి, ఆ బాధ పేరిటనే ఆయనను కొలుచు జనులు ఎట్టి బ్రతుకు బ్రతికియుందురో ఊహించుట కష్టము కాదు. తొలకరి ముంగిట విత్తనమునకు, ఎరువునకు, కూలికి చేతిలో చిల్లిగవ్వ లేక షావుకారు గడప త్రొక్కిన రైతు ఆ స్వామికి ఆప్తబంధువు వంటివాడు.

అయితే మేము ఇప్పుడు చెప్పదలచినది గుట్ట మహిమను గురించి కాదు. ఆ గుట్ట చుట్టునుగల పొలముల పేరిట సర్కారు ఖజానా నుండి వచ్చిన సొమ్మును గురించి. ఆ సొమ్ము ఎవరి చేతికి వచ్చినది, ఎవరి చేతికి రాలేదు అను కథ మనము తలచినదానికంటె చాల పాతది.

చిల్పూరు మండలము మాత్రము క్రొత్తది. 2016 అక్టోబరు 11న, విజయదశమి నాడు, తెలంగాణ జిల్లాలను పునర్విభజించినప్పుడు, స్టేషన్ ఘన్‌పూర్, ధర్మసాగర్ మండలములలోని గ్రామములను కొన్నింటిని విడదీసి దీనిని ఏర్పరచిరి. చిన్నపెండ్యాల, నష్కల్, రాజవరము, మల్కాపురము, శ్రీపతిపల్లి మున్నగు ఊళ్లు ఇందులోనివి. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల నీరు మల్లన్నగండి జలాశయమునకు చేరుచున్నది గాని, తరతరములుగా ఇది చెరువును, బావిని, ఆకాశమును నమ్ముకొనిన మెట్టసీమ.

చెరువన్న మాట వచ్చినది గనుక అక్కడనే ప్రారంభింతము. సేద్యమునకు రాజు చేయూత నీయవలెనను తలంపు మన దేశమున నిన్నమొన్నటిది కాదు. క్రొత్తగా నేలను సాగుచేయువారికి విత్తనములు, పశువులు, ధనము ఇచ్చి ఆదుకొనవలెననియు, వారు దానిని తమకు కష్టము లేని రీతిని తిరిగి చెల్లించునట్లు చూడవలెననియు కౌటిల్యుడే చెప్పియున్నాడు. ఓరుగల్లు నేలిన కాకతీయుల కాలమున ఈ సీమలో చెరువుల నిర్మాణము ఉచ్చస్థితి నందినది. ఆ కాలపు దశబంధమను ఏర్పాటు మెచ్చదగినది. చెరువు త్రవ్వించినవానికి గాని, గండిపడిన కట్టను బాగుచేయించినవానికి గాని, ఆ చెరువు క్రింది ఆయకట్టులో పదవవంతు చొప్పున మాన్యముగనో ఫలముగనో లభించెడిది. ఇది దానము కాదు. చేసిన పనికి ప్రతిఫలము. సొమ్ము పనిని వెన్నంటి పోయెడిది. ఈ మాటను శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము.

ఇక నిజాము రాజ్యమునకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ వరకు అక్కడ శిస్తు వసూలు గుత్తకు ఇచ్చెడివారు. ఎవడు హెచ్చు సొమ్ము కట్టుదునన్న వానికి తాలూకాల వసూలు. వాడు రైతు నుండి ఎంత పిండుకొన్నను అడుగువారు లేరు. 1853లో దివానుగా వచ్చిన మొదటి సాలార్‌జంగు ఈ పద్ధతిని తొలగించి, 1865లో జిల్లాబందీ నెలకొల్పి, జీతగాండ్రయిన తాలూక్‌దార్లను, తహశీలుదార్లను నియమించెను. సంస్కరణ గొప్పదే. కాని అంతవరకు శిస్తు వసూలులో పాలుగొని, అందులో తమ వాటా తినుచుండిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు ఊరకుందురా? పోయిన అధికారమునకు పరిహారముగా వారికి ఖజానా నుండి ఏటేట కొంత సొమ్ము చెల్లించు ఏర్పాటు జరిగినది. దాని పేరు రుసుము. పని పోయినది గాని పైకము పోలేదు. ఈ సీమలో భూమి పేరు చెప్పి సర్కారు క్రమము తప్పక నగదుగా చెల్లించిన సొమ్ములలో చెప్పుకొనదగినది దున్నినవానికి కాక, దున్నించినవానికి చేరినదన్నమాట. పైగా సర్వే జరిగి క్రొత్త పట్టాలు వ్రాయు కాలమున కాగితము తెలిసినవారు వారే, కలము పట్టినవారు వారి మనుష్యులే. తరములుగా బీదలు దున్నుచుండిన మంచి భూములు అనేకము అట్లే వారి పేర నెక్కినవి.

రైతునకు ఏమియు ఇయ్యలేదా యనిన, తకావీ కలదు. అరబ్బీ మూలమున దీనికి బలము చేకూర్చుట యని అర్థము. కరవు వచ్చినప్పుడు విత్తనములకు, ఎడ్లకు, బావి త్రవ్వకమునకు సర్కారు ఇచ్చు అప్పు ఇది. ఇంగ్లీషు ఇండియాలో 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టము, 1884లో వ్యవసాయదారుల ఋణముల చట్టము ఈ తకావీకి చట్టరూప మిచ్చినవి. అయినను తకావీకి జామీను కావలెను. జామీనుకు భూమి కావలెను. భూమి తనదని చూపుటకు పట్టా కావలెను. పట్టా లేని పాలికాపునకు తకావీ యను మాట తహశీలు కచ్చేరి గోడమీది వ్రాత మాత్రమే.

హైదరాబాదు సంస్థానపు భూమిలో ఇంచుమించు నూటికి 60 పాళ్లు దివానీ, 30 పాళ్లు జాగీరులు, 10 పాళ్లు నిజాము సొంత ఖర్చులకైన సర్ఫెఖాసు. దివానీలోనైనను దేశ్‌ముఖుల గడీలే కచ్చేరీలు. నాడు నల్లగొండ జిల్లాలో నుండిన జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి ఆధీనమున 40,000 ఎకరములుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పరిస్థితి మరింత తలక్రిందులైనది. సర్కారు రైతునకు ఇచ్చుటకు మారు లెవీ పేరిట రైతు ధాన్యమునే కొలిపించుకొనసాగినది. గడీల గాదెలు తప్పించుకొని, చిన్నకారు రైతు గరిసెలు ఊడ్చుకొని పోయినవి.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కథ ఈ కాలపుదే. ఆమెను గురించి వినని తెలుగువారు ఉండరు గాని, ఆమె కథలో ఒక సంగతిని మాత్రము చాలమంది గమనింపరు. ఆమె పోరాడిన భూమికి ఆమె పట్టాదారు కాదు. మల్లంపల్లి దొరల వద్ద కౌలుకు తీసుకొని ఆమె కుటుంబము సాగుచేసినది. నేటి మాటలో చెప్పవలసి వచ్చినచో ఆమె కౌలురైతు. విసునూరు దొర మనుష్యులు కోతకు వచ్చిన పంటపై పడినప్పుడు, ఆంధ్ర మహాసభ సంఘము వారు అండ నిలువగా, ఆ ధాన్యము గడీకి పోక ఆమె ఇంటికే చేరినది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగెను. తరువాతి చరిత్ర లోకవిదితము. ఈనాడు పాలకుర్తి, కడవెండి, చిల్పూరు మూడును ఒక్క జనగామ జిల్లాలోనివే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగెను. 1949 ఆగస్టు 15న జాగీరుల రద్దు శాసనము వెలువడెను. దానితోపాటు జాగీరుదారులకు పరిహారముగా వార్షికపు వాయిదాలలో సొమ్ము చెల్లింపు ప్రారంభమైనది. సర్ఫెఖాసు భూముల ఆదాయమునకు బదులుగా నిజాముకు ఏటా 25 లక్షల రూపాయలు ఏర్పాటైనవి. రుసుము కథయే మరల జరిగినదని అనుటకు లేదు. ఈసారి జాగీరులు నిజముగనే పోయినవి. అయినను సొమ్ము పోయిన దారి మాత్రము పాత దారియే.

1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వేరు దారి త్రొక్కినది. దున్నువానికి రక్షిత కౌలుదారు అను పేరు పెట్టి, వాని పేరును దస్తావేజులకెక్కించి, భూమి కొనుక్కొను హక్కును కూడ ఇచ్చినది. దేశమున ఆనాడు వచ్చిన కౌలు చట్టములలో ఇది మిక్కిలి ఉదారమైనదని చెప్పవచ్చును. ఫలమేమైనది? ఆలీ మహమ్మద్ ఖుస్రో యను అర్థశాస్త్రవేత్త పూర్వపు జాగీరు గ్రామములలో తిరిగి పరిశోధించి 1958లో ప్రకటించిన గ్రంథమున లెక్కలు కలవు. 1951లో రక్షితులైన నూరుగురు కౌలుదారులలో నాలుగేండ్లు గడచునప్పటికి ఆ స్థితిలో నిలిచినవారు ఇంచుమించు 45 మంది. భూమి కొని సొంతదారులైనవారు 12 మంది. చట్టప్రకారము తొలగింపబడినవారు ఇద్దరు ముగ్గురు. చట్టవిరుద్ధముగా వెళ్లగొట్టబడినవారు 22 మంది. తక్కిన పదునెనిమిది మంది దాకా తమ ఇష్టముతోనే హక్కు వదులుకొన్నారట! దొర యెదుట నిలిచి ఇష్టముతో వదులుకొనుట యనగా ఏమో ఆ తరమువారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ కాలమునకే చెందిన మరియొక దస్తావేజును గురించి చెప్పవలెను. 1954–55 నాటి ఖాస్రా పహాణీ. ఊరూర, సర్వే నంబరు వారీగా, పట్టాదారు ఎవరు, అనుభవమున నున్నవారెవరు అని వ్రాసిన పుస్తకమిది. నేటికిని తెలంగాణమున భూమి తగాదా వచ్చినచో పెద్దలు మొట్టమొదట అడుగునది దీనినే. ఆ తరువాత ఏటేట వ్రాయు పహాణీలో కూడ అనుభవదారునకు ఒక గడి యుండెడిది. పట్వారీ దయ తలచినచో దున్నువాని పేరు ఆ గడిలో పడెడిది, లేనిచో లేదు. పట్వారీలను గూర్చి మంచిమాట చెప్పువారు మాకు తారసపడుట అరుదు. అయినను గడి యనునది ఒకటి ఉండెను గదా!

తరువాతి నలువది యేండ్లను మేము త్వరగా దాటిపోవుచున్నాము. 1973లో భూసంస్కరణల చట్టము వచ్చి, మెట్ట భూమికి గరిష్ఠముగా 54 ఎకరముల పరిమితి విధించినది. 1984లో పటేలు, పట్వారీల వ్యవస్థ రద్దయినది. చెరువులు పూడినవి, బోర్లు దిగినవి, జొన్న చేలు పత్తి చేలైనవి. 1997–98లో పురుగు పత్తిని తినివేసి, అప్పు రైతును తినివేసినది. వరంగల్లు జిల్లా పేరు దేశమంతట వినవచ్చినది రైతుల ఆత్మహత్యల వలన. 2004 మే నెలలో ఉచిత విద్యుత్తు వచ్చినది; బోరు ఉన్నవారికి అది గొప్ప ఆసరా. 1990లోను, 2008లోను కేంద్ర ప్రభుత్వము, 2014 తరువాత రాష్ట్ర ప్రభుత్వము ఋణమాఫీలు చేసినవి. 2024లో రెండు లక్షల వరకు మాఫీ జరిగినది. ఇవి యన్నియు బ్యాంకు అప్పునకే. నూటికి నెలకు రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పునకు ఈ మాఫీలు వర్తింపలేదు.

2018 మే 10వ తేదీన హుజూరాబాదు వద్ద ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు రైతుబంధు పథకమును ప్రారంభించిరి. అంతకుముందు 2017 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు రాష్ట్రమంతట భూరికార్డుల ప్రక్షాళన జరిగినది. తగాదా లేని ఖాతాలను ఒక భాగమున, తగాదా ఉన్నవానిని పార్ట్-బి యను రెండవ భాగమున చేర్చిరి. మొదటి భాగమువారికి క్రొత్త పాసుపుస్తకముతోపాటు ఎకరమునకు 4,000 రూపాయల చెక్కు గ్రామసభలోనే చేతికిచ్చిరి. వానకాలమునకు ఒకసారి, యాసంగికి ఒకసారి. రెండవ విడత వచ్చునప్పటికి ఎన్నికలు రాగా, చెక్కులు మాని సొమ్మును బ్యాంకు ఖాతాలలో వేసిరి. 2019 నుండి ఎకరమునకు 5,000 అయినది. మొదటి యేడు బడ్జెటులో 12,000 కోట్లు కేటాయించిరి. లబ్ధిదారులు ఇంచుమించు 58 లక్షలు.

దీనిని చులకన చేయుట మా ఉద్దేశము కాదు. ఎరువు బస్తాపై రాయితీ, విద్యుత్తుపై రాయితీ, వడ్డీపై రాయితీ యని చుట్టుదారులు త్రొక్కక, అదునులో రైతు చేతికే పైకమందించుట ఇంత పెద్ద ఎత్తున మన దేశమున అదియే ప్రథమము. పత్తి గింజల సంచికై షావుకారు వద్ద చేతులు కట్టుకొని నిలిచిన చిన్నరైతు ఆ యేడు తలయెత్తుకొని బజారుకు పోయెను. కేంద్రము 2019 ఫిబ్రవరి 24న ప్రారంభించిన పి.ఎం. కిసాన్ పథకమునకు ఇది దారి చూపినదని పలువురు ఒప్పుకొందురు. అందులో ఒక్కొక్క రైతు కుటుంబమునకు ఏటా 6,000 రూపాయలు. రైతుబంధులో ఎకరమునకు లెక్క. కిసాన్‌లో కుటుంబమునకు లెక్క. ఈ భేదము చిన్నదిగా తోచును. కాని 5,000 చొప్పున రెండు పంటలకు లెక్కించి చూడుడు. రెండెకరముల వానికి ఏటా 20,000. పదెకరముల వానికి లక్ష. చట్టపు పరిమితి యగు 54 ఎకరముల వానికి 5,40,000. భూమి ఎంత ఉన్నవానికి అంత. ఇక సెంటు భూమి లేక, పదెకరములు కౌలుకు చేయువానికి సున్న.

మేము ఒక గ్రామీణ కార్యక్రమమునకై శబ్దగ్రహణ యంత్రమును భుజమున వేసుకొని ఈ ప్రాంతపు ఊళ్లు తిరిగినప్పుడు, ఒక పత్తిచేనిలో కలుపు తీయుచున్న వృద్ధురాలిని, “అవ్వా, రైతుబంధు పడినదా?” అని అడిగితిమి. ఆమె నడుము పట్టుకొని లేచి నవ్వినది. “పడ్డది సారూ. పట్నంల ఉండేటాయనకు పడ్డది. పట్టా ఆయనది, పానం మాది” అనెను. ఆ చేను నాలుగెకరములు. దొర వంశమువాడు కాడు ఆ పట్టాదారు. చదువుకొని ఉద్యోగమునకై నగరమునకు పోయిన ఒక మామూలు రైతు కొడుకు. కోపగించుకొనుటకు ఎదుట ఎవరును లేరు. ఐలమ్మ కాలమునకు, ఈ కాలమునకు గల తేడా అదియే కాబోలు.

ఇట్టి చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. 1933లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో అధ్యక్షుడు రూజ్వెల్టు ప్రభుత్వము వ్యవసాయ సర్దుబాటు చట్టము చేసి, ధర పడిపోయిన పత్తి సాగును తగ్గించిన వారికి సొమ్ము చెల్లించినది. పొలమున పనిచేయువారు దక్షిణపు రాష్ట్రములలో పాలికాపులు, వారిలో నీగ్రో జాతివారును తెల్లవారును కలరు. సొమ్ము చేరినది తోటల యజమానులకు. అందులో పాలికాపునకు ఈయవలసిన కొద్ది భాగమును సైతము అనేకులు ఈయలేదు. పైగా, సాగు తగ్గినది గనుక మీతో పనిలేదని వారిని గుడిసెలనుండి వెడలగొట్టిరి. 1934లో అర్కన్సాసు రాష్ట్రమందలి టైరోంజా యను చిన్న యూరిలో రెండు జాతులవారును కలిసి దక్షిణ కౌలురైతుల సంఘమును స్థాపించుకొనిరి. పత్తి అదే, కౌలు అదే. సముద్రములు మాత్రమే వేరు.

కౌలురైతునకు మరియొక దెబ్బ కలదు. ఎకరమునకు ఇంతయని సొమ్ము వచ్చు భూమిని యజమాని సులభముగా అమ్ముకొనడు, కౌలు తగ్గింపనవసరము అంతకంటె లేదు. కౌలుదారుని పేరు కాగితముమీద పడినచో రేపు హక్కు అడుగునేమో యను జంకు యజమానికి ఎప్పుడును కలదు. 1950 నాటి రక్షిత కౌలుదారుల జ్ఞాపకము మూడు తరములైనను మాసిపోలేదు. అందువలన ఒప్పందమంతయు నోటిమాట. 2011లో ఉమ్మడి రాష్ట్రము సాగుదారులకు ఋణ అర్హత కార్డులిచ్చు చట్టమును చేసినది. భూమి హక్కుతో దీనికి సంబంధము లేదని స్పష్టముగనే వ్రాసినది. అయినను యజమానులు జంకుచునే యుండిరి. తెలంగాణమున ఆ కార్డులు క్రమముగా మూలబడినవి. 2020లో క్రొత్త పాసుపుస్తకముల చట్టము, ధరణి వచ్చినవి. గ్రామ రెవెన్యూ అధికారి పదవి పోయినది. పహాణీలోని అనుభవదారు గడియు పోయినది. 1954లో వ్రాసిన ఖాస్రా పహాణీలో నిలిచిన దున్నువాని జాడ ఆ విధముగా దస్తావేజుల నుండి తుడిచిపెట్టుకొని పోయెను. పాత గడిని దుర్వినియోగపరచి దొంగపట్టాలు పుట్టించినవారుండిరను వాదము నిజమే. దొంగలున్నారని గుమ్మమునే మూసివేయుట మాకు సబబుగా తోచదు.

పొరుగువారు కొందరు వేరు విధముగా నడచిరి. ఒడిశాలో 2018 చివర ప్రారంభించిన కాలియా పథకమున పాలికాపులను, భూమిలేని కూలీలను కూడ చేర్చిరి. ఆంధ్రప్రదేశము 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము చేసి, పదకొండు నెలలకు కార్డులిచ్చి, కొన్ని వర్గముల కౌలుదారులకు రైతుభరోసా సొమ్ము చెల్లించినది. అక్కడను యజమాని సంతకమే పెద్ద ఆటంకమైనది.

తెలంగాణమున ప్రభుత్వము మారిన పిమ్మట 2025 జనవరి 26న రైతుబంధు స్థానమున రైతుభరోసా వచ్చెను. ఎకరమునకు ఏటా 12,000 రూపాయలు. గుట్టలకు, రహదారులకు, ఇండ్ల స్థలములైన భూములకు ఇక సొమ్ము లేదనిరి; ఇది మంచి సవరణయే. అదే దినమున భూమిలేని కూలి కుటుంబములకై ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అను పథకమును కూడ ప్రారంభించిరి. ఉపాధి హామీ పనికి ఏటా కనీసము ఇరువది దినములు పోయినవారికి 12,000 రూపాయలు. ఏప్రిల్ 14న ధరణికి బదులు భూభారతి వచ్చినది. కౌలురైతు సంగతి యజమానితో మాట్లాడుకొని తేల్చుకొనవలసినదిగనే మిగిలినది.

మాట్లాడుకొనుట యెట్లుండునో ఆ యవ్వయే చెప్పినది. ఉగాదికి కౌలు మాట జరుగునట. పట్నపాయన పండుగకు ఊరికి వచ్చును. చాయ త్రాగుచు, చెట్టుక్రింద కూర్చుండి, ఎకరమునకు ఇంతయని చెప్పును. సర్కారు సొమ్ములో సగమైనను విడువుమని ఆమె ఒకసారి అడుగనే అడిగినది. ఆయన కాదనలేదు, ఔననలేదు, చూతమనెను. “మరి చూచినాడా?” అని మేమడిగితిమి.

“ఈ యేడు పాయె సారూ. వచ్చే ఉగాదికి మళ్ల అడుగుత” అని ఆమె కొడవలి తీసుకొని సాలులో వంగినది.